పాటిమన్నులో గుర్రపు కాలు

గుంటూరు పక్కన పెదకాకానిలో భ్రమరాంబా మల్లేశ్వరస్వామి గుడికి మంచిరోజు చూసుకుని వెళ్తే వాకిట కొత్త బండ్లు కనిపిస్తాయి. షోరూము నుంచి నేరుగా వచ్చిన కార్లు, మోటారు సైకిళ్లు, చుట్టుపక్కల పల్లెల ట్రాక్టర్లు. అద్దం మీద పసుపు కుంకుమ బొట్లు, ముందు బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. అయ్యవారి నోట, బండి కొన్నాయన నోట వినబడే మాట ఒక్కటే: వాహనం.

ఆ మాటను తన పేరులోనే మోసిన రాజవంశం ఈ నేలను ఏలింది. శాతవాహన అనే పేరుకు పండితులు చెప్పిన అర్థాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి 14వ శతాబ్దపు జైనాచార్యుడు జినప్రభసూరి ‘వివిధ తీర్థ కల్పం’లో ఉంది. ప్రతిష్ఠానపురంలో కుమ్మరి ఇంటి పంచన పెరిగిన ఒక పిల్లవాడు తోటి పిల్లలతో ఆడేటప్పుడు తానే రాజు అయ్యేవాడట. మట్టితో ఏనుగులు, గుర్రాలు చేసి ఇవిగో మీ వాహనాలు అని వాళ్లకు పంచేవాడట. వాహనాలిచ్చినవాడు కాబట్టి సాతవాహనుడయ్యాడు. తరువాత ఉజ్జయిని నుంచి విక్రమార్కుడు దండెత్తి వస్తే, ఆ మట్టి బొమ్మల మీద నాగరాజు ఇచ్చిన అమృతం చల్లగానే గుర్రాలు సకిలించాయి, రౌతులు కళ్లు తెరిచారు, ఉజ్జయిని సేన వెనుదిరిగింది. శాలివాహనుడి కథగా తెలుగు పల్లెల్లో చెప్పుకునేదీ ఇదే. ప్రతి ఉగాదికీ పంచాంగంలో వినే శాలివాహన శకం ఆ పేరు మీదిదే. తెలుగునాట కుమ్మరులు తమను శాలివాహనులమని చెప్పుకునేదీ అందుకే.

ఇది చరిత్ర కాదు, కథ. కానీ ఒక రాజవంశం పుట్టుకను కత్తితో కాకుండా, యాగంతో కాకుండా, కుమ్మరి వాకిట్లోని మట్టి గుర్రంతో మొదలుపెట్టిన జాతికి ఆ గుర్రం మీద కొంచెమైనా మమకారం ఉండాలి. ఉందా?

మట్టి సైన్యం అనగానే ఇవాళ తెలుగు పిల్లవాడికి గుర్తొచ్చేది చైనా. అందులో తప్పు లేదు. 1974 మార్చిలో షియాన్ నగరానికి తూర్పున, నీటి ఎద్దడికి తాళలేక బావి తవ్వుకుంటున్న రైతుల గడ్డపారకు కాల్చిన మట్టి తల ఒకటి తగిలింది. క్రీస్తుపూర్వం 210లో చనిపోయిన చిన్ షీ హువాంగ్ చక్రవర్తి సమాధికి కాపలాగా నిలబెట్టిన సైన్యం అది. నిలువెత్తు సైనికులు ఎనిమిది వేల దాకా ఉంటారని అంచనా. రథాల గుర్రాలు అయిదు వందలకు పైగా, స్వారీ గుర్రాలు నూరుకు పైగా. ఒక్కొక్క స్వారీ గుర్రం ముందు దాని రౌతు పగ్గం పట్టుకుని నిలబడి ఉంటాడు.

ఆ రైతులకు ముందు ఆ నేలలో తలలు, చేతులు ఎవరికీ దొరకలేదా అంటే, దొరికాయి. బావులు తవ్వినప్పుడు, సమాధులకు గుంటలు తీసినప్పుడు బయటపడ్డాయి. దయ్యమనీ అరిష్టమనీ పగలగొట్టిన వాళ్లున్నారు, తిరిగి పూడ్చినవాళ్లున్నారు. 1974లో తేడా ఏమిటంటే, ముక్కలు దొరికిన సంగతి లిన్‌టోంగ్ సాంస్కృతిక కేంద్రంలో పనిచేసే ఝావో కాంగ్‌మిన్ చెవిన పడింది. ఆయన వచ్చి, పెంకులన్నీ ఏరించి, తన కేంద్రానికి చేర్చి, ఓపిగ్గా అతికించాడు. ప్రపంచం నివ్వెరపోయిన మట్టి సైన్యంలో మొదటి సైనికులు అలా లేచి నిలబడ్డారు. ఆ కబురు ఆయన దాకా వెళ్లకపోయి ఉంటే అవి ఇంకో బావిలోని ఇంకొన్ని పెంకులుగానే మిగిలిపోయేవి.

పెంకుల విలువ తెలియాలంటే చైనా గుర్రాల దగ్గర కాసేపు ఆగాలి. చిన్ చక్రవర్తి గుర్రాల మీద జీను ఉంది, కడుపు కింది నుంచి పట్టీ ఉంది, కళ్లెం ఉంది. రికాబు మాత్రం లేదు. అంటే ఆనాటి రౌతు కాళ్లు గాలిలో వేలాడేవి; తొడల బిగువుతోనే గుర్రం మీద నిలబడాలి. ఆ తరువాత అయిదు వందల ఏళ్లకు, క్రీస్తుశకం 302 నాటి ఒక సమాధిలో పెట్టిన మట్టి గుర్రం చాంగ్షాలో దొరికింది. దానికి ఎడమవైపు మాత్రమే చిన్న త్రికోణం వేలాడుతోంది. అది ఎక్కడానికి వేసే మెట్టు. ఇంకో ఇరవై ఏళ్లకు, 322 నాటి నాన్‌జింగ్ సమాధిలోని గుర్రానికి రెండు వైపులా రికాబులు వచ్చేశాయి. యుద్ధ విద్యను తలకిందులు చేసిన పరికరం ఎప్పుడు ఎలా రూపుకట్టిందో ఏ రాజశాసనమూ చెప్పలేదు. జానెడు మట్టి బొమ్మలు చెప్పాయి. ఆ కుమ్మరులకు తాము చరిత్ర రాస్తున్నామని తెలియదు. చూసింది చూసినట్టు చేశారు, అంతే.

తాంగ్ రాజుల కాలానికి (618–907) ఈ గుర్రం ఊరేగింపు గుర్రమైంది. మధ్య ఆసియా నుంచి తెప్పించిన జాతి గుర్రాలంటే ఆ కాలపు ధనికులకు ప్రాణం. హాన్ చక్రవర్తి వూ అంతకు చాలా ముందే, క్రీస్తుపూర్వం 104లో, ఫర్గానా లోయ గుర్రాల కోసం యుద్ధమే చేశాడు. తాంగ్ కుమ్మరి తెల్లబంకమట్టితో గుర్రాన్ని అచ్చుల్లో పోసి, ముందు ఒకసారి కాల్చి, ఆపైన సీసం కలిపిన మెరుగుపూత పూసి మళ్లీ కాల్చేవాడు. ఇనుము కలిస్తే తేనెరంగు, రాగి కలిస్తే ఆకుపచ్చ, కోబాల్టు కలిస్తే నీలం. ఆవంలో పూత కరిగి ఒక రంగు ఇంకో రంగులోకి జారేది. ఆ జారుడే దాని అందం. గుర్రాలెక్కి పోలో ఆడుతున్న ఆడవాళ్ల బొమ్మలు కూడా అందులో ఉన్నాయి. ఎవరి సమాధిలో ఎన్ని బొమ్మలు, ఎంత ఎత్తువి పెట్టవచ్చో హోదాను బట్టి కట్టడి ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లోయాంగ్ దగ్గర రైలుమార్గం వేయడానికి కట్ట తవ్వుతుంటే ఆ సమాధులు తెగి, రంగుల గుర్రాలు బయటపడి, దేశదేశాల వ్యాపారుల చేతుల్లోకి పోయాయి.

ఆ గుర్రాల కాలానికీ గుంటూరు నేలకూ మధ్య ఒక మనిషి నడిచాడు. ఆయన పేరు మన బడిపిల్లలందరికీ తెలుసు: హ్యుయాన్‌త్సాంగ్. తాంగ్ రాజ్యం నుంచి బయల్దేరిన ఆ భిక్షువు 639 ప్రాంతంలో ధాన్యకటకం, అంటే నేటి అమరావతి, చేరాడు. పెదకాకాని నుంచి బస్సెక్కితే ఇవాళ పూట పట్టని దారి. అప్పటికే చాలా విహారాలు పాడుపడ్డాయని రాశాడు. కొన్ని నెలలు ఇక్కడ ఆగి, ఇక్కడి భిక్షువుల దగ్గర శాస్త్రం చదువుకున్నాడు. 645లో తన రాజధాని చాంగాన్‌కు తిరిగి చేరినప్పుడు ఆయన వెంట 657 గ్రంథాలు ఉన్నాయి. వాటిని మోయడానికి 20 గుర్రాలు పట్టాయి. చాంగాన్ అంటే నేటి షియానే. ఆ గుర్రాలు నడిచి వెళ్లిన నగరం చుట్టూ నేల కింద చిన్ చక్రవర్తి మట్టి గుర్రాలు నిద్రపోతున్నాయి. నేల మీద తాంగ్ కుమ్మరులు కొత్తవి చేస్తున్నారు.

ధాన్యకటకంలో ఆయన గుర్రాన్ని చూసి ఉండాలి. మట్టి గుర్రం కాదు, పాలరాయి లాంటి పలనాటి సున్నపురాతి గుర్రం. సిద్ధార్థుడు ఇల్లు విడిచిన రాత్రి ఆయన్ని మోసిన కంథకం అమరావతి శిల్పాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. డెక్కల చప్పుడుకు ఊరు లేవకుండా యక్షులు కాళ్లు చేతుల్లో పట్టుకుని మోస్తుంటారు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపని తొలినాళ్ల శిల్పాల్లోనైతే గుర్రం మీద రౌతే ఉండడు, పైన గొడుగు మాత్రం ఉంటుంది. లేని మనిషిని గుర్రం చేత చెప్పించిన శిల్పి ఈ కృష్ణా తీరం వాడు.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో 33వ నంబరు గది చైనాకూ దక్షిణాసియాకూ కలిపి కేటాయించినది. 728లో చనిపోయిన ల్యూ తింగ్‌షున్ అనే తాంగ్ సేనాని సమాధిలోని రంగుల మట్టి బొమ్మలు, గుర్రాలతో, ఒంటెలతో సహా అక్కడ వరుసగా నిలబడి ఉంటాయి. అదే హాలును ఆనుకుని 33ఎ గది. అందులో అమరావతి శిల్పాలు. హ్యుయాన్‌త్సాంగ్ ఏళ్ల తరబడి నడిచిన దూరాన్ని ఆ రెండు గదుల మధ్య నాలుగు నిమిషాల్లో దాటవచ్చు. ఆ శిల్పాలు అక్కడికి ఎలా చేరాయో గుంటూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే స్థూపం రాళ్లను ఊడదీసి కట్టడాలకు వాడుతున్నారు. సున్నానికి కాల్చినవి కాలిపోగా మిగిలినవాటిలో కొన్నింటిని వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు చేర్చాడు, అక్కడి నుంచి అవి ఓడెక్కాయి.

రాతికి జరిగింది మనకు తెలుసు, దాని మీద కోపమూ ఉంది. మట్టికి జరుగుతున్నది మాత్రం మన కళ్ల ముందే జరుగుతోంది, కోపం మాత్రం రావడం లేదు.

మిరప, పత్తి పండించే ఈ మైదానంలో ఎండాకాలం పొలం ఖాళీ కాగానే రైతు మన్ను తోలిస్తాడు. చెరువు మన్ను ఒకటి, పాటిమన్ను ఒకటి. పాటిమన్నంటే పాత ఊరు ఉండి పాడైన దిబ్బ మీది మన్ను. వందల ఏళ్ల బూడిద, పేడ, ఎముకలు కలిసి మాగిన ఆ మన్ను పొలానికి మంచి బలమని తాతల నాటి నుంచీ రైతుకు తెలుసు, అది నిజం కూడా. అందుకే ఈ జిల్లాల్లో పాటిదిబ్బ, పాటిమీద అనే పేర్లు పొలాలకు మిగిలాయి గానీ, చాలాచోట్ల దిబ్బలు మిగల్లేదు. ఒకప్పుడు పారతో తట్టకెత్తి, ఎద్దుబండిలో పోసుకునేవాళ్లు. తట్టలో ఏది పడిందో కంటికి కనిపించేది. పూసో, కాసో, బొమ్మ తలో దొరికితే పిల్లలు దాచుకునేవాళ్లు. ఇప్పుడు పొక్లెయిన్ ఒక్క దెబ్బకు ఎత్తి ట్రాలీలో పోస్తుంది. అందులో ఏమి పోతోందో చూసే కన్ను లేదు.

ఏమి పోతోందో చూపించగల ఊరు తెలుగునేల మీద ఒకటుంది. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్. అక్కడి దిబ్బను 1940ల తొలినాళ్లలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వించింది. శాతవాహనుల నాణేలు వేలకొద్దీ దొరికాయి. వాటికంటే ముచ్చటైనవి అక్కడి మట్టి బొమ్మలు. తెల్లటి సన్నని బంకమట్టిని రెండు అచ్చుల్లో అదిమి, లోపల బోలుగా ఉండేలా రెండు సగాలూ అతికి కాల్చినవి. తలకట్లు ఎన్ని రకాలు, చెవిపోగులు ఎన్ని రకాలు! జంతువుల్లో ఏనుగు, ఎద్దు, గుర్రం. శాతవాహనుడు మట్టి గుర్రాలు పంచాడని జైన కథ చెబితే, శాతవాహనుల ఊళ్లో కుమ్మరి చేసిన మట్టి గుర్రం కొండాపూర్ మ్యూజియం వైపు చూడమంటోంది. అయినా హైదరాబాదు వాళ్లలో ఎంతమంది ఆ మ్యూజియానికి పిల్లల్ని తీసుకుని వెళ్తున్నారు?

మన బొమ్మ చిన్నది, చైనా బొమ్మ పెద్దది అని చిన్నబోవడం అనవసరం. పని ఒక్కటే. లోపల గాలి, ఆవిరి బయటకు పోయే దారి లేకపోతే ఎంత పెద్ద బొమ్మైనా ఆవంలో పగిలిపోతుంది. అందుకే చిన్ గుర్రాల డొక్కలో రంధ్రం వదిలారు. తమిళ పల్లెల్లో అయ్యనార్ గుడి ముందు నిలబడే మనిషెత్తు గుర్రాలనూ, బెంగాల్‌లోని బాంకురా గుర్రాన్నీ ఈనాటికీ అదే సూత్రం మీద బోలుగానే చేస్తారు. బాంకురాలో కాలు, మెడ, మొండెం సారె మీద వేరువేరుగా తీసి, తడిగా ఉండగానే అతుకుతారు. బాంకురా జిల్లాలోని పాంచ్‌ముడా కుమ్మరుల పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్రం బొమ్మ కేంద్ర ప్రభుత్వ కుటీర పరిశ్రమల ఎంపోరియానికి చిహ్నంగా దేశమంతా తెలుసు. చిత్తూరు జిల్లా పలమనేరు పరిసరాల కుమ్మరుల మట్టిపనికి అటువంటి పేరు తేవడానికి ఎవరైనా అడ్డుపడ్డారా? ఎవరూ పడలేదు. ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. తెలుగువాళ్లు మట్టి బొమ్మను దాచుకోవడానికి చేయరు. తిరుపతి గంగమ్మ జాతర ఆఖరి వేళ మట్టితో అమ్మవారి విశ్వరూపాన్ని నిలబెట్టి, చెంప నరికే ఘట్టం కాగానే ఆ మట్టినే ప్రసాదంగా ఇళ్లకు తీసుకెళ్తారు. వెంకటగిరి పోలేరమ్మ కుమ్మరింట రూపు దిద్దుకుని, ఊరేగి, మళ్లీ మట్టిలో కలుస్తుంది. వినాయకుడూ అంతే. చైనావాడు మట్టిని శాశ్వతమనుకుని పాతిపెట్టాడు. తెలుగువాడు మట్టిని మట్టికే ఇచ్చేశాడు. మరి పాటిదిబ్బలో బొమ్మ పొలానికి ఎరువైతే బాధ దేనికి?

బాధ ఎందుకంటే, నిమజ్జనం చేసేవాడికి తాను ఏమి ఇచ్చేస్తున్నాడో తెలుసు. కొలిచి, కళ్లారా చూసుకుని, మొక్కుకుని ఇస్తాడు. పొక్లెయిన్‌కు ఏమీ తెలియదు. పైగా నిమజ్జనమైన బొమ్మను వచ్చే ఏడు మళ్లీ చేసే కుమ్మరి ఉన్నాడు. పాటిలో పోయిన బొమ్మ చేసినవాడు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటివాడు.

పోయేది ఎంతటిదో చెప్పడానికి గుంటూరు, ప్రకాశం తీరమే సాక్షి. బాపట్ల జిల్లాలో ఇప్పుడు చిన్న ఊరిగా మిగిలిన మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాగేసుకునే పాత పద్ధతిని మానేసి, సుంకం మాత్రమే తీసుకుంటానని కాకతి గణపతిదేవుడు 1244లో వర్తకులకు అభయమిచ్చిన శాసనం అక్కడే ఉంది. ఆ తరువాతి కొండవీటి రెడ్ల కాలంలో అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడు కొలువుకు ఏయే దేశాల నుంచి ఏయే సరుకు తెప్పించాడో శ్రీనాథుడు ‘హరవిలాసం’లో చెప్పాడు. ఆ జాబితాలో హురుముంజి, అంటే పారశీక తీరంలోని హోర్ముజ్, గుర్రాలు ఉన్నాయి. చీనా పట్టు ఉంది. శ్రీనాథుడి మాటకు నేల నుంచి సాక్ష్యం కావాలంటే మోటుపల్లి తవ్వకాల్లో వచ్చిన చైనా పింగాణి పెంకులున్నాయి. జపాన్ చరిత్రకారుడు నొబోరు కరషిమా బృందం దక్షిణ భారత తీరం పొడవునా ఇలాంటి పెంకుల కోసమే తిరిగింది. ఎక్కడో జపాన్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఇసుకలో వంగి ఏరుకున్న పెంకును మనం చెప్పుకాలితో తోసుకుంటూ నడుస్తున్నాం.

చట్టం లేదా అంటే ఉంది. 1878 నాటి నిధి చట్టం ప్రకారం నేలలో దొరికిన పది రూపాయల పైబడిన పాత వస్తువు సంగతి కలెక్టరుకు చెప్పాలి. 1972 పురావస్తు చట్టం కింద నూరేళ్లు దాటిన మట్టి శిల్పమూ పురావస్తువే. కానీ ఊళ్లో ఎవరైనా చెబుతారా? చెప్పరు, ఎందుకు చెప్పరో అందరికీ తెలుసు. చెబితే పొలం పోతుందని భయం, పోలీసులు వస్తారని భయం, పని ఆగిపోతే పొక్లెయిన్ బాడుగ ఎవరిస్తారని భయం. కౌలు రైతుకైతే ఇంకా భయం. ఆ భయాన్ని తీర్చకుండా రైతును తప్పుపట్టడం అన్యాయం.

కాబట్టి ప్రభుత్వం చేయాల్సింది రైతును బెదిరించడం కాదు, అతని దగ్గరికి వెళ్లడం. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పాటి అనే పేరున్న పొలాలు, దిబ్బలు రెవెన్యూ రికార్డుల్లో వెతికితే దొరుకుతాయి. గ్రామ సచివాలయంలో సర్వేయరు ఉన్నాడు, అతని చేతిలో పటం ఉంది. వేసవిలో మన్ను తోలే రెండు నెలలు పురావస్తు శాఖ నుంచి మండలానికి ఒక్క మనిషి తిరిగినా చాలు. తోలకం ఆపక్కర్లేదు, ఎత్తే ముందు ఒకసారి చూసి, ఫొటో తీసి, ఏ సర్వే నంబరులో ఎంత లోతులో ఏది దొరికిందో రాసుకుంటే చాలు. ఎక్కడ దొరికిందో తెలియని బొమ్మ అందంగా ఉండవచ్చు గానీ ఏమీ చెప్పదు. చాంగ్షా గుర్రం రికాబు కథ చెప్పగలిగింది 302 నాటి సమాధిలో ఉండగా దాన్ని ఎత్తారు కాబట్టే. దొరికినవాటిని దూరపు గోదాముకు తరలించకుండా గుంటూరులోని బౌద్ధశ్రీ మ్యూజియంలోనో, అమరావతిలోనో రాతి శిల్పాల పక్కన మట్టికీ ఒక అర వేసి, దొరికిన ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాయాలి. తమ ఊరి పేరు చూసుకోవడానికైనా ఆ రైతు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తాడు. తరువాతి ఏడు ఆయన చెప్పకుండా ఉండడు.

పెదకాకానిలో పూజ చేయించుకున్న ట్రాక్టరు వైశాఖంలో ఏదో ఒక పాటిదిబ్బ దగ్గర నిలబడుతుంది. పొక్లెయిన్ తొట్టి పైకి లేచినప్పుడు నల్లటి మన్నులో తెల్లగానో ఎర్రగానో వేలెడంత ముక్క కనిపిస్తే, కింద కాస్త వెడల్పుగా, పైన విరిగి, లోపల బోలుగా ఉంటే, అది కుండ మూతి కాకపోవచ్చు. డ్రైవరు చెయ్యెత్తి తొట్టిని ఒక నిమిషం ఆపమంటే, ఆ కాలు తాలూకు మిగతా మూడు కాళ్లు, మెడ, దాని మీది మనిషి ఆ చుట్టుపక్కలే ఉంటారు.